కుప్పం వార్త: చూసిందా, విన్నదా

డీజిలు వాసన పట్టిన కాగితం చేతికొస్తే నాకిప్పటికీ కుప్పం గుర్తొస్తుంది. ముందే ఒప్పుకుంటాను, తప్పంతా నా తెలివిదే. ఒక సంగతి ముగ్గురు చెబితే అది కళ్ళారా చూసినట్టేనని నమ్మినవాణ్ణి. విలేకరినని చెప్పుకునేవాణ్ణి గానీ, వట్టి వినికిడిగాణ్ణి.

డెబ్బయ్యో దశకం చివర్లో పుంగనూరు నుంచి వార్తలు రాసి బస్సు డ్రైవరు చేతికి కవరిస్తే, అది డీజిలు వాసన పట్టి మదనపల్లె ఆఫీసులో మా పైఅధికారి బాషా సార్‌కు చేరేది. ప్రతి వార్త నెత్తిన ‘చూసింది’ అనో ‘విన్నది’ అనో రాయాలని ఆయన నియమం. విన్నదైతే ఎవరు చెప్పారో కూడా రాయాలి. కంటికీ చెవికీ మధ్య బెత్తెడు దూరమే గానీ, ఆయన లెక్కలో అవి వేరువేరు ఊళ్ళు. చూసిన వార్తకే పేజీలో పైచోటు దక్కేది.

ఆ పైచోటు మీద ఆశతో, కుప్పం బస్సు దిగిన ముగ్గురి మాట పట్టుకొని, అక్కడి సర్కారు హాస్టలు సాంబారులో పురుగులున్నాయనీ, తప్పు వంటమనిషి మునెమ్మదనీ రాసి ‘చూసింది’ అని పెట్టాను. వారం తిరక్కుండా ఆమెను పని మాన్పించి విచారణ వేశారు. సాక్ష్యం నా వార్తే.

బాషా సార్ పుంగనూరు వచ్చారు. సాంబారు గిన్నె ఆ పూట పొయ్యి మీదుందా, కింద ఉందా అని మెల్లగా అడిగారు. నేను ఆ ముగ్గురి పేర్లు చెప్పాను.

“పదప్పా కుప్పానికి. నీ రాతతో పోయిన కూడు నీ నోటితోనే తేవల్ల.”

అక్కడ విచారణ గది బయటి బెంచీ మీదే ఆయన ఆగిపోయారు. నేను లోపలికి పోగానే అటెండరు లోపలి నుంచి తలుపు మూశాడు. పేపర్లో వచ్చాక ఇంకేం కావాలన్నాడు విచారణ అధికారి. గోడ పక్కన మునెమ్మ. ఎవరి మీద ‘చూసింది’ అని రాశానో ఆ మనిషిని నేను చూడటం అదే మొదలు. నోరు విప్పితే నా పని పోతుంది, మూస్తే ఆమెది తిరిగి రాదు. చూడలేదని, విన్నది రాశానని చెప్పాను.

“నన్ను యాల అడగలేదప్పా?” అనింది మునెమ్మ. “పురుగుల పప్పు వండనని మొత్తుకున్నిందే నేను.”

ఆమె పని ఆమెకు దక్కింది. నన్నూ తీసేయలేదు; తప్పొప్పుకోలు మాత్రం నా పేరుతో అచ్చేశారు. పేపర్లో నా పేరు పడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఏ వార్త రాయబోయినా మునెమ్మ ప్రశ్నే ముందు వినపడేది. ఇప్పటికీ వినపడుతుంది.

కొన్నేళ్ళకు మదనపల్లెలో బాషా సార్ వీడ్కోలు సభ. ఆయన ఈ కథంతా చెప్పి, అధికారి ముందు నేను వెక్కి వెక్కి ఏడ్చానన్నారు. అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

“మీరు బయట బెంచీ మీద ఉండారు సార్. నేను ఏడ్సింది సూసినారా, విన్నారా?”

ఆయన కళ్ళద్దాలు తీశారు.

“విన్నది.”

“ఎవురు సెప్పినారో గూడా సెప్పల్ల సార్.”

“అటెండరప్పా,” అని ఆయన కూర్చున్నారు.