గోడ అవతలికి చూస్తూ పళ్ళు తోముకుంటే

పళ్ళు తోముకుంటూ నోట్లో దెబ్బ తగిలించుకోవడం అందరికీ ఎప్పుడో ఒకసారి జరిగేదే. నాకు తగిలిన తీరు మాత్రం పదిమందికి చెప్పుకునేది కాదు. ఆ రోజు మా ఆయనకు కూడా సగమే చెప్పాను.

అది నెలలో మొదటి ఆదివారం. మా చర్చిలో సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. తొమ్మిదింటికి ఆరాధన మొదలవుతుంది. ఏడున్నర దాటినా నేనింకా పెరట్లో కుళాయి దగ్గరే ఉన్నాను, నోట్లో కొత్త బ్రష్షుతో. ఆ బ్రష్షు మా ఆయన తెచ్చింది. మెత్తనిది తెమ్మంటే గట్టిది తెచ్చారు. బట్టలుతికే బ్రష్షుకి చెల్లెలిలా ఉంది.

మా పెరటికీ మా తోటికోడలి పెరటికీ మధ్య ఒకటే గోడ. సరిగ్గా నా కళ్ళ ఎత్తు ఉంటుంది. ఆ గోడ అవతల ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. ఎవరో దిగారు. ఆడమనిషి గొంతు వినిపిస్తోంది గానీ ఎవరిదో పోల్చుకోలేకపోయాను. మేమిద్దరం మాట్లాడుకోక అప్పటికి రెండేళ్ళు. మాటలున్న ఇంటికి ఎవరొచ్చినా మనకు పట్టదు. మాటల్లేని ఇంటికి ఎవరొచ్చారో తెలియకపోతే మాత్రం ముద్ద దిగదు. బట్టలుతికే బండ ఎక్కి మునివేళ్ళ మీద లేచాను. చెయ్యి దాని పని అది చేస్తూనే ఉంది. బండ మీద సబ్బు నీళ్ళున్న సంగతి చూసుకోలేదు. కాలు జారింది, మోచెయ్యి పోయి గోడకు కొట్టుకుంది, బ్రష్షు కింది దవడ ఆఖరి పన్ను వెనకాల చిగుట్లోకి దిగింది.

కళ్ళు బైర్లు కమ్మాయి. అరవాలి గదా, అరవలేదు. అరిస్తే గోడ అవతలి వాళ్ళు వచ్చి చూస్తారు. బండ మీద ఎందుకు నిలబడ్డానో ఎవరికీ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు నొక్కుకుని కూర్చున్నాను. ఉమ్మితే నురగంతా ఎర్రగా వచ్చింది.

మా ఆయన వచ్చి చూసి, "ఏంటది, రక్తం?" అన్నారు.

"మీరు తెచ్చిన బ్రష్షే," అన్నాను. నిజంలో సగం అంటే అదే.

ఉప్పునీళ్ళు పుక్కిలించాను. అది ఇంకో శిక్ష. ఇడ్లీ వైపు కారప్పొడి జరిపితే వద్దన్నాను. ఆయన నా మొహం వంక చూసి, జ్వరం కూడానా అని అడిగారు. మా మిరప చేల మధ్య పుట్టిన మనిషి కారం వద్దందంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

ఇంతకీ మాటలెందుకు పోయాయో చెప్పాలి. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఆయన, మా మరిది కలిసి నల్లపాడు దాటాక పక్కపక్కన మిరప వేస్తారు. కోశాక కాయను చేలోనే ఒక పక్క నేల చదును చేసి ఆరబోస్తాం. దాన్ని కల్లం అంటాం. రెండేళ్ళ కిందట మార్చిలో మా కాయ, వాళ్ళ కాయ ఒకే కల్లంలో రెండు భాగాలుగా ఆరుతోంది. అన్నదమ్ములిద్దరూ ముందు ఎండిన బస్తాలేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళారు. నేను శిక్షణ తరగతులకని గుంటూరే వెళ్ళాను. కల్లం దగ్గర మా తోటికోడలు ఒక్కతే ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచింది.

నేను సాయంత్రం వచ్చేసరికి వాళ్ళ కాయ మీద టార్పాలిన్ పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంది. నా కాయ నీళ్ళలో తేలుతోంది. తడిసిన కాయ రంగు పోయి తాలైపోతుంది, దానికి ధర రాదు. ఆ సంవత్సరం కష్టమంతా నా కళ్ళ ముందు నీళ్ళలో ఉంది. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ అంతే.

కూలికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు వింటుండగా, "నీ కాయ మీద కప్పడానికి చేతులొచ్చినియ్యి గానీ, నా కాయ దగ్గరికొచ్చేసరికి పడిపొయ్యినియ్యా? కడుపులో ఇంత పెట్టుకుని అక్కా అక్కా అని ఎట్టా పిలుస్తన్నావే?" అన్నాను.

ఆమె తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మాటల్లేవు. అన్నదమ్ములు చేలో బాగానే మాట్లాడుకునేవారు, వీధి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి మా మొహాలు చూసి ఎవరి ఇంట్లోకి వాళ్ళు వెళ్ళేవారు. అంతకుముందు పదిహేనేళ్ళు ఉప్పు అయిపోయినా, పసుపు అయిపోయినా గోడ మీద నుంచి గిన్నె అందించుకున్న వాళ్ళం. ఉప్పు కోసం కొట్టుకు వెళ్ళడం ఆ రెండేళ్ళలోనే నేర్చుకున్నాను. నాకు ఆమె మీద బెంగగా ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు, గర్వం.

ఆ ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు చాపలన్నీ నిండిపోయాయి. స్తంభం పక్కన ఒక్కచోటే ఖాళీ, అది మా తోటికోడలి పక్కన. మిగతావాళ్ళు ఆ చోటు నాకోసమే వదిలారని ఇప్పటికీ నా అనుమానం. ఆమెకు అటువైపు వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఆటోలో దిగింది ఆవిడేనన్నమాట. అంత మాత్రానికి నా చిగురుకు చిల్లు పడింది.

సంస్కారానికి ముందు పాస్టరు గారు ప్రతి నెలా ఒక మాట చెబుతారు. ఎవరి మీదైనా మనసులో ఏదైనా పెట్టుకుని ఉంటే ముందు వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె తీసుకోమంటారు. రెండేళ్ళుగా ఆ మాట ఆమెకే చెబుతున్నారని నేను, నాకే చెబుతున్నారని ఆమె, ఇద్దరం నిశ్చింతగా తీసుకుంటూ వచ్చాం.

రొట్టె ముక్కను ఎడమ వైపు నమిలి ఎలాగో మింగాను. తర్వాత చిన్న గ్లాసులో ద్రాక్షరసం వచ్చింది. ఎత్తి పోసుకున్నాను. ఆ పులుపు తిన్నగా పోయి పుండు మీద పడింది. దవడ నుంచి చెవి దాకా లాగేసింది. కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయాను. భుజాలు అదురుతున్నాయి, ఆపుకోలేకపోయాను.

వెనక నుంచి ఒక ముసలావిడ, "స్తోత్రం, స్తోత్రం," అంది.

నా వీపు మీద ఒక చెయ్యి పడింది. మా తోటికోడలిది. "ఊరుకో అక్కా, ఊరుకో," అంటూ తనూ ఏడుస్తోంది. అది నిజం ఏడుపు. నేను తల అడ్డంగా ఊపాను, అది కాదు అని చెప్పడానికి. ఆమె ఇంకా దగ్గరకు తీసుకుంది. పాస్టరు గారు అది చూసి ఆగి, సమాధానపడిన ఇద్దరు సహోదరీల కోసమని ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. చర్చి మొత్తం ఆమేన్ అంది. ఇక నేనేం చెప్పను?

బయట చెప్పుల దగ్గర మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆయనకు బ్రష్షు సంగతి తెలుసు. "ఇంత పని జరుగుద్దని తెలిస్తే ఆ బ్రష్షు రెండేళ్ళ కిందే తెచ్చేవాణ్ణి గదే," అన్నారు.

"ఆమెకు నిజం చెప్పాలండి."

"ఏం చెప్పబాకు. కాసేపు నోరు మూసుకో. ఎట్టాగూ తెరవలేవు గదా."

మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. రెండేళ్ళ తర్వాత మా గుమ్మంలో ఆమె కాలు. చేతిలో గిన్నె నిండా కోడికూర, వాళ్ళమ్మ వచ్చిందని వండింది. మా ఇళ్ళలో కోడికూర అంటే రంగు చూడగానే ముక్కు కారాలి. కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, ఎదురుగా కూర్చుంది. వద్దంటే మళ్ళీ రెండేళ్ళు పడుతుంది. తిన్నాను. పుండు మీద కారం అని ఊరికే సామెతకు అంటాం గానీ, అదేమిటో ఆ రోజు తెలిసింది. మళ్ళీ కళ్ళ వెంట నీళ్ళు.

నా కన్నీళ్ళు చూసి ఆమె తల వంచుకుంది. "తప్పు నాదేలే అక్కా," అంది.

నేను ముద్ద ఆపాను.

"ఆ రోజు మా కాయ మీద కప్పి, మీ పట్టా కోసం మీ ఇంటికి పరిగెత్తుకుంటా వచ్చాను. తాళం వేసుంది. పగలగొడదామని రాయి కూడా తీసుకున్నా. తీరా చెయ్యెత్తాక, నువ్వు లేనప్పుడు తాళం పగలగొడితే ఏమంటావోనని భయమేసింది. రాయి అక్కడే పెట్టేసి, మళ్ళీ కల్లం దగ్గరికి పోయి గోనెసంచులతో కప్పబోయాను. గాలికి నిలవలా. పగలగొట్టాల్సిందక్కా. నాకు ధైర్యం చాలలేదు."

ఇప్పటిదాకా చెప్పనిది ఇక్కడ చెప్పాలి. మా పట్టా మా ఇంట్లోనే ఉంది. తాళంచెవి నా హ్యాండుబ్యాగులో నాతోపాటు గుంటూరు వచ్చింది. వెళ్ళేముందు ఆమెకు ఇచ్చి వెళ్ళాలనుకున్నాను, బస్సు హడావుడిలో మరిచిపోయాను. ఆ సాయంత్రం కల్లంలో ఆమెను అనరాని మాటలు అని ఇంటికి వచ్చి, తాళంచెవి బయటకు తీసినప్పుడు నాకు అది అర్థమైంది. గుమ్మం పక్కన ఎన్నడూ లేని బండరాయి ఒకటి ఉండటం కూడా చూశాను. మెట్ల మీద తడి కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో తెలియనంత తెలివితక్కువ దాన్ని కాను. పిల్లలకు నిజం చెప్పాలని పాఠం చెప్పే టీచర్ని, ఆ రాయిని తీసి పెరట్లో పడేశాను. బట్టలుతికే బండ కింద ఎగుడుదిగుడుగా ఉంటే, అది కదలకుండా దాన్నే ఎత్తు పెట్టాను.

"నాకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసు?"

"నువ్వు వచ్చావని. తాళంచెవి నా దగ్గరే ఉంది. రాయి చూశాను. ఆ రోజే తెలుసు నాకు. తప్పు నాది." అంతటితో ఆపలేదు. "పొద్దున చర్చిలో నేను ఏడ్చింది కూడా నీ కోసం కాదు. మీ ఇంటికి ఎవరొచ్చారోనని బట్టల బండ ఎక్కి చూస్తా పళ్ళు తోముకుంటుంటే కాలు జారి బ్రష్షు గుచ్చుకుంది. ద్రాక్షరసం పడి మండింది. అంతే."

ఆమె నా మొహంలోకి చూసింది.

"రెండేళ్ళూ తెలుసా?"

"తెలుసు."

లేచింది. కూరగిన్నె తీసుకుంది. గుమ్మం దిగి వెళ్ళిపోయింది. మా ఆయన పక్కగదిలోంచి వచ్చి, "చెప్పబాకంటే విన్నావా," అన్నారు. చెప్పినందుకు బాధ లేదు, ఆమె పోయినందుకు ఉంది. అప్పుడు ఏడ్చాను. ఈసారి పుండుకు సంబంధం లేదు.

పావుగంట గడిచింది. పెరట్లో గోడ మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే పెరుగన్నం. మిరపకాయ లేదు, తాలింపు కూడా లేదు, పసిపిల్లకు పెట్టినట్టు మెత్తగా పిసికి ఉంది. గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. "నాకు కోపం పోలేదు. అన్నం మాత్రం తిను."

తిన్నాను.

మర్నాడు బడి నుంచి వస్తూ మా ఇంటి తాళానికి రెండో చెవి చేయించాను. సాయంత్రం గోడ దగ్గర నిలబడి పిలిచాను. బండ ఎక్కలేదు, కింద నుంచే చెయ్యి పైకి పెట్టి ఇచ్చాను. అవతలి నుంచి తీసుకున్నట్టు తెలిసింది.

తర్వాత, "ఇది ఎక్కడన్నా పారేసుకుంటే ఎట్టా అక్కా?" అంది.

"ఇంకోటి చేయిస్తాలే."

"అక్కర్లేదు. ఈసారి రాయి పెట్టి పగలగొట్టేస్తా," అంది.