బక్కబావ కేసులో నా సాక్ష్యం

ఆ రోజుల్లో న్యాయమంటే నాకు తెలిసింది మా ఊరి పంచాయితీ ఒక్కటే. అక్కడ సాక్షి అంటే చూసినవాడు కాదు, మనవాడు. ఎవరి వెనక ఎక్కువమంది కూర్చుంటే వాళ్ల మాట నెగ్గుతుంది. ఈ జ్ఞానమంతా మూటగట్టుకుని ఖతర్ వెళ్ళాను. (మా అమ్మ మాత్రం చివరిదాకా దుబాయ్ అనే అంది.) ప్రపంచకప్పు కోసం స్టేడియాలు లేస్తున్న కాలం. నేనూ, మా ఊరివాడే అయి మా రూములోనే ఉండే బక్కబావా ఒకే సైటులో ఇనుప చువ్వలు కట్టేవాళ్లం. ఒకసారి జ్వరంతో బావ క్లినిక్‌కు వెళ్లొచ్చింది తప్ప వారం రోజులు కూలీల క్యాంపులో మంచం దిగలేదు. కంపెనీవాళ్లేమో పారిపోయాడని కేసు పెట్టారు. అది నిలబడితే అతన్ని ఇంటికి పంపేస్తారు, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. బావ దగ్గర క్లినిక్ చీటీ ఒకటుంది. "గా కాయిదం ముక్క ఏం జేస్తది బావా? మనిషిని నేనున్న గద!" అని దాన్ని పెట్టెలో పెట్టేయమన్నాను.

కోర్టులో ప్రశ్నలన్నీ జడ్జిగారే అడుగుతున్నారు. (కొన్ని దేశాల్లో లాయర్లు వాదిస్తుంటే జడ్జి వింటాడనీ, కొన్నిచోట్ల జడ్జే అడిగి కూపీ లాగుతాడనీ తర్వాత తెలిసింది. మా ఊళ్లో అయితే అందరూ అడుగుతారు, ఎవరూ వినరు.) నా వంతు రాగానే బావ వాళ్ల తాత మంచితనం నుంచి మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. తర్జుమా చేసే హైదరాబాదీ పెద్దాయన దాన్నంతా అరబ్బీలో రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేదు. "అడిగినదానికే చెప్పు భాయ్. ఆ వారం ఇతన్ని క్యాంపుల నీ కళ్లతోని చూసినవా?" అన్నాడాయన.

"రోజూ చూసిన సార్. నా చేత్తోని జావ తాపిన."

గుమాస్తా కంప్యూటర్ చూసి ఏదో చెప్పాడు. పెద్దాయన తల పట్టుకున్నాడు. "ఆ వారం నువ్వు ఇండియాల ఉన్నవంట గద భాయ్!"

ఉన్నాను, చెల్లి పెళ్లికి వెళ్లాను. అది మరిచిపోయి అలా చెప్పలేదు, మా ఊరి లెక్కలో సాక్ష్యానికి అదొక అడ్డు కాదు. జడ్జిగారు చూసిన చూపుకు భయపడ్డాను. నన్నేం చేస్తారోనని కాదు, బావను నా చేతులతో ముంచేశానని. అప్పుడు బావ చొక్కా లోపలి జేబులోంచి చెమటకు మెత్తబడ్డ క్లినిక్ చీటీ తీశాడు. జడ్జిగారు దాని మీది తేదీ రెండుసార్లు చూశారు, క్లినిక్‌కు ఫోన్ చేయించారు, కేసు కొట్టేశారు. నన్ను గట్టిగా మందలించి నా సాక్ష్యాన్నీ కొట్టేశారు.

బస్సులో తలెత్తలేకపోయాను. "నా మాట ఇనలేదేంది బావా?" అన్నాను నేలచూపులు చూస్తూ.

"నీ మాట ఇంటే ఈపాటికి విమానంల కూసుంటుంటి," అని నవ్వాడు. "అయినా నా తరపున వచ్చినోనివి నువ్వొక్కనివే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా ఊరి పంచాయితీలో నేనూ ఒక పెద్దమనిషిని. ఎవరు సాక్ష్యానికి లేచినా ముందు "గా దినం నువ్వు ఊళ్లె ఉన్నవా?" అంటాను. సగంమంది నన్ను తిట్టుకుంటూ మళ్ళీ కూలబడతారు. అయితే రేపెప్పుడైనా తగవు నా మీదికే వచ్చి, బక్కబావ లేచి మా తాత మంచితనం నుంచి మొదలుపెడితే, ఆ ఒక్కణ్ణి మాత్రం ఆ ప్రశ్న అడగను.