రివాల్వర్ మీద బోర్లించిన బగోనా

రాస్తున్నావా? అయితే మొట్టమొదట ఇది రాయి: ఆ రివాల్వర్‌ని నేను ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీ తాతయ్య ఎవరికి చెప్పినా "మా ఆవిడ తుపాకీ పట్టుకున్న రోజు" అంటూ మొదలుపెట్టేవారు. పట్టుకోలేదని వందసార్లు చెప్పాను. పట్టుకోకుండా ఉండటమే కదా నేను చేసిన ఘనకార్యం! నవ్వకు, రాయి. ఆ రోజు ఒక మనిషి ఉద్యోగం, పరువు తుమ్మచెట్టు కింద మట్టిలో పడి ఉన్నాయి. అవి రెండూ దక్కాయంటే నా మొండితనం వల్లే.

అప్పట్లో కాప్రా అంటే చెరువు, చెరువు కట్ట, కట్ట కింద తుమ్మచెట్లు, బోలెడన్ని గేదెలు. క్రిస్మస్ హడావిడి అయిపోయాక మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం ఏటా ఇంటిల్లిపాదితో అక్కడికే పిక్నిక్ వెళ్ళేవాళ్ళం. నేను బళ్ళో పనిచేస్తున్న రోజులు. పొద్దున్నే బగారా అన్నం వండి, సమాజానికి ఉన్న ఒకే ఒక్క పెద్ద వంటగిన్నె, మా బగోనాలో నింపి ఆటోలో ఎక్కించాం. బగోనా సీట్లో కూర్చుంది, మేం దాని చుట్టూ వేలాడాం.

అక్కడ మూడు రాళ్ళు పెట్టి అన్నంలోకి దాల్చా పులుసు వేడి చేద్దామనుకున్నాం. ఎండుపుల్లల కోసం నేను కట్ట దిగి తుమ్మచెట్ల కిందికి వెళ్ళాను. వంగి పుల్ల తీయబోతే, దాని పక్కనే నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. రివాల్వర్. చాచిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకున్నాను.

ఎందుకు తీసుకున్నానంటే, అది మా నాన్న పెట్టిన బుద్ధి. నాన్న తిరుమలగిరిలో మిలిటరీ మెస్సులో వంట చేసేవాడు. మా క్వార్టర్ల వెనకే సిపాయిలు తుపాకీ కాల్చడం నేర్చుకునే మైదానం. ఆటల్లో మేం అటు పరిగెత్తేవాళ్ళం. అందుకని నాన్న అన్నం ముద్ద నోట్లో పెడుతూ అప్పజెప్పించుకునేవాడు. "ఇనుప వస్తువు కనిపిస్తే ఏం చెయ్యాలి?" "ముట్టకూడదు, తన్నకూడదు, అక్కడే నిలబడి కేకెయ్యాలి." ఎక్కాలు మరిచిపోయాను గానీ ఇది మరిచిపోలేదు.

అందుకే కేకేశాను. అంత గట్టిగా పాటల్లో కూడా ఎప్పుడూ పాడలేదట, తర్వాత చెప్పారు. అందరూ కట్ట మీదికి పరిగెత్తుకొచ్చారు.

"ఎవరూ కిందికి దిగకండి! పిల్లల్ని పట్టుకోండి!" అన్నాను.

మీ తాతయ్యని మాత్రం దగ్గరికి పిలిచాను. "స్కూటర్ మీద పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. ఎక్కడుందో చెప్పండి, ఎవరూ ముట్టలేదని చెప్పండి. దారి చూపిస్తూ మీరే వెంటబెట్టుకుని రండి."

"నువ్విక్కడ ఒక్కదానివే..."

"ఒక్కదాన్ని ఏమిటండీ, చర్చి సగం ఇక్కడే ఉంది. వెళ్ళండి."

ఆయన వెళ్ళారో లేదో, మా సంఘపెద్ద దిగొచ్చాడు. ఆయన మంచితనానికి హద్దు లేదు, అదే ఆ రోజు వచ్చిన చిక్కు. మా చర్చిలో ఏ వస్తువు దొరికినా ఆయన చేతికే ఇచ్చేవాళ్ళం. గొడుగు గానీ, చంటిపిల్ల మేజోడు గానీ, తీసి బీరువాలో పెట్టి ఆదివారం ప్రకటనల్లో చెప్పేవాడు.

"టీచరమ్మా, దీన్ని నా బైబిల్ సంచీలో పెట్టుకుంటాను. బీరువాకి తాళం ఉంది కదా. ఆదివారం చదివేస్తే పోగొట్టుకున్నాయన వచ్చి పట్టుకెళ్తాడు" అని సంచీ తెరిచాడు.

"అయ్యగారూ, మొన్నాదివారం మీరు కళ్ళజోడు దొరికిందన్నారు. ముగ్గురు లేచి నిలబడ్డారు. దీనికి ఎంతమంది లేస్తారంటారు?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. సంచీ మాత్రం మూయలేదు. ఇంతలో గేదెల మంద అటే రావడం మొదలైంది. వాటి వెనక కర్ర పట్టుకుని ఒకావిడ.

"ఓ అమ్మా! గీ బర్లను ఆపవమ్మా! ఇక్కడ పిస్తోలుంది!" అని అరిచాను. కంగారులో నాకూ ఇక్కడి మాటే వచ్చేసింది.

"పిస్తోలా? నా బర్లకేం ఎర్క అమ్మా, పిస్తోలేందో బండేందో! మీరే దాని మీద ఏమన్న కప్పుర్రి, నేను గిటు మలుపుత!" అంది.

కప్పడానికి మా దగ్గర ఏముంది, బగోనా తప్ప! "అన్నం దించెయ్యండి" అన్నాను. "ఎక్కడ పొయ్యమంటావ్?" అంది మా వదిన. "నీ దుప్పటి ఉతికిందే కదా?" అన్నాను. కొత్త దుప్పటి, మొన్న పండక్కి కొన్నదట. ఆ మాట ఆవిడ ఇప్పటికీ అంటుంది. బగారా అన్నమంతా దుప్పటి మీద కొండలా పోశారు. ఖాళీ బగోనా తెచ్చి, కింద దేనికీ తగలకుండా మెల్లగా దాని మీద బోర్లించాను. పక్కనే ముక్కాలిపీట వేసుకుని గొడుగు విప్పుకుని కూర్చున్నాను. గేదెల ఆవిడ మందని మళ్ళించి వచ్చి అవతల కూర్చుంది, కర్ర ఒళ్ళో పెట్టుకుని. మమ్మల్ని దాటి చీమ వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాల్సిందే.

అప్పుడొచ్చాడు అతను. కట్ట మీద మోటార్ సైకిల్ ఆపి, నేల వెతుక్కుంటూ నడిచొస్తున్నాడు. కొత్తగా ఎస్సై అయిన కుర్రాడు. ఒక మోకాలికి మట్టి, నడుముకి ఖాళీ తోలు సంచీ.

"అమ్మా, గిక్కడ ఏమన్న దొరికిందా?"

నేను బగోనా వైపు చూశాను. అతనికి అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం.

"పొద్దుగాల కట్ట మీదికెల్లి పోతుంటే బండి జారిందమ్మా. లేచి పోయిన. స్టేషన్ల చూస్కుంటే లేదు. పడ్డది సార్ అంటే మా ఇన్‌స్పెక్టర్ సార్ నమ్ముతలేడు. అమ్ముకున్నవా, ఎవనికన్న ఇచ్చినవా అంటుండు. సస్పెన్షన్ అంటుండు, కేసు సుత అంటుండు. పొద్దటి సంది ఎంత పరేషాన్ అయిననో! జెర ఇయ్యుర్రి అమ్మా, ఉరికి పోయి సార్ ముంగట పెడ్త."

సంఘపెద్ద కరిగిపోయాడు. "ఇచ్చెయ్యి టీచరమ్మా. వస్తువు ఆయనదే, మనిషీ కళ్ళముందే ఉన్నాడు."

నిజమే. నాకూ ఇచ్చెయ్యాలనిపించింది. కానీ ఆలోచించు, ఆ అబ్బాయి దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెడితే ఆ పెద్ద సారు ఏమనుకుంటాడు? దాచిపెట్టి భయపడి తెచ్చాడనుకోడూ?

"ఇవ్వను నాయనా. నువ్వు తీసుకెళ్తే నీ మాట ఒక్కటే మిగుల్తుంది, అది ఆయన ఎలాగూ నమ్మట్లేదు. పడింది పడ్డట్టే ఉంటే ఆయనే కళ్ళతో చూసుకుంటాడు. మావారు స్టేషన్‌కే వెళ్ళారు. కూర్చో."

"నేను పోలీసోణ్ణి అమ్మా. నాకే ఆర్డర్ ఏస్తున్నవా?"

"యాభైమంది పిల్లల్ని రోజూ కూర్చోబెడతాను. నువ్వొక లెక్కా? కూర్చో."

"మా అమ్మీ సుత గిట్లనే, మస్తు జిద్దు, పట్టు ఇడ్వదు" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. దుప్పటి మీది అన్నం విస్తరాకులో పెట్టిచ్చాను. ముద్ద కలిపాడు గానీ నోటిదాకా పోలేదు. గేదెల ఆవిడ అతన్నే చూస్తూ, "తినయ్యా, అది యాడికి పోదు, దాని మీద బగోనా ఉంది, బగోనా పక్కన టీచరమ్మ ఉంది" అంది. అప్పుడు కొంచెం నవ్వాడు.

ముందు మీ తాతయ్య స్కూటర్, వెనక జీపు. ఇన్‌స్పెక్టర్ దిగుతూనే అడిగాడు.

"ఎవరెవరు ముట్టిండ్రు?"

"ఎవరూ ముట్టలేదండీ."

"గీ బగోనా ఎవరిది?"

"స్త్రీల సమాజానిది."

ఆయన స్వయంగా వంగి బగోనా ఎత్తాడు. మొదట రివాల్వర్‌ని చూశాడు. దాని పైన కొమ్మకున్న తుమ్మముల్లుకి తెగిన తోలుపట్టీ ముక్క వేలాడుతోంది, అంతవరకూ నేనూ గమనించలేదు. దాన్ని పట్టుకుని చూసి, ఎస్సై నడుముకున్న పట్టీ తెగిన సంచీ వైపు చూశాడు. అక్కణ్ణుంచి ఆయన చూపు కట్ట ఎక్కింది. తడి మట్టి మీద బండి జారిన గీత, సరిగ్గా ఆ తుమ్మకొమ్మ మీదికే దిగింది. చివరికి ఆ అబ్బాయి మోకాలి మీది మట్టి చూశాడు.

"పడ్డదని చెప్పినవ్. నేనే నమ్మకపోతి" అన్నాడు. గొంతు తగ్గింది.

ఫొటోలు తీయించాడు, గుడ్డతో పట్టుకుని తూటాలు తీశాడు, పంచనామా రాయించాడు. సాక్షులుగా సంఘపెద్ద, నేను సంతకాలు పెట్టాం. పెట్టాక నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఎవరన్న దీన్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఉంటే గీ పోరని నౌకరీ నేనే తీసేస్తుంటి. మంచి పని చేసిండ్రు."

అందరి ముందూ అన్నాడు. మీ తాతయ్య కాలరు సర్దుకున్నారు, ఆయన్నే అన్నట్టు.

బగోనాని కూడా పంచనామాలో రాసుకుని జీపులో ఎక్కించారు. మేం దుప్పటి చుట్టూ కూర్చుని చల్లారిన అన్నం తిన్నాం. ఆదివారం ప్రకటనల్లో సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "స్త్రీల సమాజం బగోనా ప్రస్తుతం పోలీస్ స్టేషన్‌లో ఉంది. అది ఎందుకు వెళ్ళిందో చెప్పుకోవడం మన సంఘానికి ఘనత." ఆ తర్వాత నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను మరి! ఎందుకు నిలబడకూడదు?

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మన గుమ్మం ముందు మోటార్ సైకిల్ ఆగింది. నేను ముందు అతని భుజాలు చూశాను. నక్షత్రాలు ఉన్నాయి. నడుముకి కొత్త తోలు సంచీ, కొత్త పట్టీ. వెనక తాళ్ళతో కట్టిన మా బగోనా, అద్దంలా తోమి ఉంది.

"మౌలాలి నుంచి మా అమ్మీ పంపింది. ఖాళీ గిన్నె ఎట్ల ఇస్తవ్‌రా అని తిట్టింది" అన్నాడు.

మూత తీస్తే అంచుదాకా మలీదా. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి వేసి కలిపిన వాసన వీధంతా పాకింది. అంత మలీదా మనమెక్కడ తింటాం? గిన్నెల్లో పెట్టి వాడకట్టంతా పంచాను. ఏం పండగ టీచరమ్మా అని ప్రతి గుమ్మంలోనూ అడిగారు.

"ఒక వస్తువు ముట్టుకోనందుకు" అని చెప్పాను.