ఇరుసు మీది గీత

పోయిన ఆదివారం పొద్దున్నే మా అక్క మొగుడు, అంటే మా బావ, ఫోను చేసి, ఇంట్లో ఉన్న ఇత్తడి బొమ్మ రైలింజను కదలడం లేదనీ, సాయంత్రం కొత్త వియ్యాలవారు దాన్ని చూడటానికే వస్తున్నారనీ చెప్పి, "జర వచ్చి చూడు బామ్మర్దీ, నువ్వు చెయ్యి పెడితే చాలు" అన్నప్పుడు, ముప్ఫై ఏళ్లుగా నా కడుపులో మగ్గుతున్న ఆవిరి మూత ఎగరగొట్టినంత పని చేసింది.

శాలిబండ సందుల్లో నీళ్ల పంపులూ కిరసనాయిలు స్టవ్వులూ బాగుచేసే కార్ఖానాలు మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అగ్గిపెట్టెకు తలుపులు పెట్టినట్టుండే అలాంటి ఒకదానిలో బావా నేనూ ఒకే నెలలో పనికి కుదిరాం. మా ఉస్తాదు మీసాలు ఎంత పెద్దవంటే ముందు అవి వచ్చేవి, కాసేపటికి ఆయన వచ్చేవాడు. కార్ఖానా మొత్తానికి లేత్ మిషను ఒక్కటే. దాని ముందున్న స్టూలు మీద కూర్చున్నవాడు మిస్త్రీ, తక్కినవాళ్లు జన్మంతా ఆకురాయి పట్టుకుని రుద్దాల్సిందే. ఆ స్టూలు ఖాళీ అయిన రోజుల్లోనే ఒక హవేలీ పెద్దాయన మూరెడు పొడవున్న ఈ ఇంజనును శాలువాలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. బాయిలరులో నీళ్లు పోసి కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజం రైలులాగే ఆవిరితో నడవాలి. నడవదు. "దీన్ని నడిపించినోనికే ఆ స్టూలు" అనేశాడు ఉస్తాదు.

ఇక నాకు నిద్రాహారాలు లేవు. పిస్టను కడ్డీ దగ్గర ఆవిరి కారుతుంటే నూనెలో నానబెట్టిన నూలుదారం చుట్టాను, దీపం వత్తులు సమంగా కత్తిరించాను, బోరు నీళ్లు మాని వాన నీళ్లు పట్టి పోశాను. అయినా చార్మినార్ పావురాలు ఎగిరిపోయేలా బుసకొట్టేదే గాని అంగుళం జరిగేది కాదు. రోగం ఇరుసు మీద ఉందని తెలియడానికి పదిహేను రోజులు పట్టింది. ఇరుసుకు మరతో బిగించిన చిన్న బిళ్ల ఒకటి తిరుగుతూ ఆవిరికి తలుపు తీస్తూ వేస్తూ ఉంటుంది. అది నువ్వుగింజంత పక్కకు జరిగినా ఆవిరి వేళగాని వేళ వచ్చి పిస్టనును వెనక్కి తోసేస్తుంది. ఉస్తాదు నేర్పిన వైద్యం ఏమిటంటే, ఆవిరి పోయే గొట్టం నోట పెట్టి ఊదుతూ, చక్రం మెల్లగా తిప్పుతూ, ఊపిరి ముందుకూ వెనక్కూ సమానంగా పోయేచోట బిళ్లను బిగించడం. నేను ఊదిన ఊదుడుకు గౌలిపుర బర్రెలన్నీ నెమరు ఆపి ఉంటాయి.

ఒక గురువారం సాయంత్రం కుదిరింది. ఇంజను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు బుడిబుడి నడకలు నడిచింది. అప్పుడు చూసింది బావ ఒక్కడే. బిళ్ల ఎప్పుడైనా జరిగితే మళ్లీ చోటు తెలియాలని అక్క కుట్టుసూదితో ఇరుసు మీదా బిళ్ల మీదా కలిసేలా వెంట్రుకంత గీత గీసి, ఆ కిటుకు కూడా ఆయనకు చూపించాను. అక్క మొగుడి దగ్గర దాపరికం ఏమిటి?

మర్నాడు శుక్రవారం. ఉస్తాదు నమాజుకు పోయాడు. పెద్దాయన వస్తున్నాడు, చాయ్ పట్టుకు రమ్మని బావ నన్ను పంపాడు. నేను తిరిగొచ్చి, ఉస్తాదూ పెద్దాయనా చేరాక అందరి ముందూ దీపం వెలిగిస్తే, ఇంజను దగ్గింది, ఉమ్మింది, కదల్లేదు. వంగి చూస్తే గీత రెండు ముక్కలై ఉంది. నేను నోరు తెరిచేలోపే బావ "జర జరుగు, నేన్ చూస్త" అని మర వదులు చేసి, గీతకు గీత కలిపి బిగించాడు. పెద్దాయన తెచ్చి పరిచిన పట్టాల మీద ఇంజను మూడు చుట్లు తిరిగింది. "షాబాష్ బేటా" అని ఉస్తాదు తట్టింది ఆయన భుజం.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఇంటల్లుడికి మిస్త్రీ అయినందుకు నెయ్యి ధారగా పోస్తోంది, అక్క ముఖం వెలిగిపోతోంది. ఆ విస్తరి ముందు అల్లుణ్ని దొంగ అనే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. స్టూలు ఆయనదైంది, కొన్నేళ్లకు పెద్దాయన కన్నుమూస్తూ ఇంజనునూ ఆయనకే ఇచ్చి పోయాడు, ప్రతి పెళ్లిలోనూ ఆయన ఆ కథ చెబుతుంటే నేను తల ఊపుతూ వచ్చాను.

ఆదివారం గౌలిపురలో వాళ్లింటికి వెళ్లి చూస్తే ఇంజను ఎదురుగా పెట్టుకుని గడ్డం గీసుకోవచ్చన్నంతగా మెరుస్తోంది. వియ్యాలవారి కోసం బావ దాన్ని ఊడదీసి, చింతపండూ సన్నని ఇసుకా పెట్టి ఇరుసుతో సహా తోమేశాడు.

"గీత ఏది బావా?" అన్నాను.

"ఏం గీత?" అన్నాడు నేల చూస్తూ.

గడపలో నిలబడ్డ అక్క ఫక్కున నవ్వింది. "ఆయనకు గంతే వచ్చుర తమ్మీ, గీతకు గీత కలుపుడు. అది పోయినంక ఇంకేం జేస్తడు?"

బావ చేసింది ముప్ఫై ఏళ్లు మోశాను గాని, అక్కకు తెలుసన్న సంగతి గుమ్మం దాటకముందే బరువెక్కింది. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు. గొట్టం నోట పెట్టుకున్నాను. ఒకప్పుడు ఒక్క ఊపిరి చాలిన చోట ఇప్పుడు తొమ్మిది ఊపిర్లు పట్టాయి. సాయంత్రం ఇంజను తిరుగుతుంటే వియ్యాలవారు చప్పట్లు కొట్టారు, బావ పాత కథ మొదలుపెట్టాడు, నేను తల ఊపాను.

మా కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. పాడైనదాన్ని నోట ఊది బాగుచేసేవాళ్లు ఆ సందులో ఎవరూ మిగల్లేదు. నేను బయల్దేరుతుంటే అక్క సూది తెచ్చి నా చేతిలో పెట్టింది, గీత గీసి పొమ్మని. దాన్ని చొక్కా జేబుకు గుచ్చుకుని వచ్చేశాను. మర పాతది, బిళ్ల మళ్లీ జరుగుతుంది. పిలిస్తే వెళతాను, ఊపిరి ఉన్నన్నాళ్లూ ఊదుతాను. గీత మాత్రం గీయను.