బి సైడు నాలుగో పాట

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పోవడమంటే గుట్టుచప్పుడు కాకుండా పోలేదు, మైకులో పోయింది. వంద మంది మధ్యలో, మెడలో బంతిపూల దండతో సహా పోయింది. నా మీద కాస్తో కూస్తో గౌరవం ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మీరు ఆగరని నాకు తెలుసు.

రెండువేల రెండో, మూడో సంవత్సరం అనుకుంటాను. సీడీలు వచ్చేశాయి గానీ కేసెట్టు ఇంకా చావలేదు. అనకాపల్లి మెయిన్ రోడ్డులో మా అక్క మొగుడు గోవిందు బావకి కేసెట్ల కొట్టు ఉండేది. డిగ్రీ అయిపోయి ఏడాదిగా ఖాళీగా తిరుగుతున్న నన్ను మా అక్క తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టింది అనకూడదు లెండి, నేను కూర్చునే రకం కాదు. కూర్చుంటే కుడికాలు ఊగేది, నిలబడితే ఎడమకాలు. సినిమాకి వెళితే ఇంటర్వెల్‌కే ఇంటికొచ్చేసేవాణ్ని. బుద్ధెరిగాక ఒక్క పాటైనా చివరిదాకా విన్న పాపాన పోలేదు. రెండో చరణం మొదలయ్యేసరికి నా వేలు ఫార్వర్డు బటన్ మీద ఉండేది.

అలాంటివాడికి, ఊరందరికీ కొత్త పాటలు సిఫార్సు చేసే పని దొరికింది.

కొట్టు ముందు ఒక నల్లబోర్డు పెట్టాను. శుక్రవారం శుక్రవారం దాని మీద ‘ఈ వారం కొత్తవి’ అని రాసి, కింద సినిమా పాటలు, భక్తి గీతాలు, క్రైస్తవ గీతాలు, జానపదాలు, గజళ్లు, పాప్ ఆల్బమ్‌లు అన్నిటికీ నక్షత్రాలు వేసేవాణ్ని. ఇన్ని రకాలూ ఒక్కడు ఎలా వింటాడని మీకు అనుమానం రావాలి. ఊళ్లో ఎవరికీ రాలేదు. అసలు సంగతేమిటంటే, కొత్త కేసెట్టు పైన పల్చటి ప్లాస్టిక్ సీలు ఉంటుంది. అది విప్పితే సరుకు పాతబడినట్టే, ఎవరూ ముట్టుకోరు.

“ఒరేయ్, సీలు మీద సెయ్యేసేవంటే ఆ సెయ్యి ఇరిసేత్తాను,” అని బావ మొదటిరోజే చెప్పాడు.

చెయ్యి విరుస్తాననడమంటే వినొద్దని చెప్పడమే కదా! నాకు కావలసిందీ అదే. ఇక కవరు చూసి వైద్యం మొదలుపెట్టాను. కవరు మీద పాడినాయన శాలువా కప్పుకుని కిటికీలోంచి చూస్తుంటే గజళ్లు, ప్రేమలో దెబ్బతిన్నవాళ్లకి. ఎర్రగళ్ల లుంగీ, డప్పు కనిపిస్తే జానపదాలు, డ్రైవర్లకి. అయితే రోగం ఏదైనా నేను రాసే మందు మాత్రం ఒక్కటే.

“తమ్ముడూ, బండి తోలతంటే నిద్దర రాకుండా ఉండే కొత్తదేదైనా ఉంటే ఇవ్వు,” అన్నాడొక పాయకరావుపేట లారీ డ్రైవరు.

“ఇది తీసుకో అన్నా, నిన్ననే వచ్చింది. బి సైడు నాలుగో పాటలో డప్పు వినాలి నువ్వు! స్టీరింగు వదిలేత్తావు!”

మరో వారానికి వచ్చాడు. “అబ్బ, నాలుగో పాటలో డప్పు అదిరిపోయింది తమ్ముడూ!”

ఆ పాటలో డప్పు ఉందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. బి సైడు నాలుగో పాటే ఎందుకంటారా? ఎ సైడు మొదటి పాట బాగుందని దారినపోయే వాడెవడైనా చెబుతాడు. బి సైడు నాలుగో పాట అన్నామనుకోండి, వీడు మొత్తం విన్నాడురా అని ఎదుటివాడికి గట్టి నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతోనే ఇంటికెళ్లి వింటాడు, బాగానే ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లో నాకు ‘పాటల డాక్టరు’ అని పేరు వచ్చేసింది. నేను కాలరు ఎత్తుకు తిరగడం మొదలుపెట్టాను. ఆ ఫొటోలు ఇంకా ఉన్నాయి, చూపించను.

ఒకరోజు పొద్దున్న బోర్డు మీద నక్షత్రాలు వేస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

“ఏరా సన్యాసీ, సుద్దముక్క ఇప్పుడు నీ చేతికొచ్చిందా?”

సుద్దముక్క కిందపడింది. సన్యాసి అన్నది తిట్టు కాదు, నా పేరే. ఆవిడ గ్రేసమ్మ టీచరు. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పారు. మాకేమిటి, ఊళ్లో సగం మందికి చెప్పారు. స్టెప్పులు రాయకుండా ఆన్సరు వేస్తే సున్నా పెట్టేవారు. ఆన్సరు సరైనదైనా సున్నాయే. నా పదోతరగతి అంతా ఆ సున్నాల్లోనే గడిచింది.

వెనకాల రిక్షా అతను ఒక అట్టపెట్టె దించాడు. దాని నిండా కేసెట్లు. టీచరుగారు సొంతంగా రాసి, బాణీలు కట్టి, పాడిన క్రైస్తవ గీతాలు. ఎ సైడు నాలుగు, బి సైడు నాలుగు. విశాఖపట్నంలో ఒక స్టూడియోలో పాడి, అక్కడే కాపీలు తీయించుకొచ్చారట.

“అమ్మిపెట్టు, అది ఒక పని. అసలు పని ఇంకోటుంది,” అంటూ పెట్టెలోంచి ఒకటి తీసి, ఆవిడే సీలు చింపి నా చేతిలో పెట్టారు. “చర్చిలో అందరూ బాగుందంటారు. మా ఆయనా బాగుందంటారు. ఆయన నా ఉప్మా కూడా బాగుందంటారు. నాకు నిజం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. నీకు పాటలు బాగా తెలుసని ఊరంతా అంటోంది. నువ్వు విని చెప్పు. వచ్చేనెల రిటైరవుతున్నాను. బాగుంటే ఇంకో కేసెట్టు పాడతాను. బాగోలేదంటే ఇంతటితో నోరు మూసుకుంటాను. నీ మాటే ఫైనలు.”

“అలాగేనండీ టీచరుగారూ.”

సీలు సాకు కూడా పోయింది. ఆ సాయంత్రం నిజంగానే విందామని టేప్‌రికార్డరులో పెట్టాను. హార్మోనియం మొదలైంది. కుడికాలు ఊగింది. హార్మోనియం ఇంకా అవలేదు. ఎడమకాలూ ఊగింది. బయట మా జట్టువాళ్లు క్రికెట్‌కి ఈల వేశారు. ఆవిడ గొంతు విప్పేలోపే నేను వీధి చివర ఉన్నాను.

మూడోరోజు ఆవిడ వచ్చారు. గొడుగు మూస్తూనే అడిగారు.

“విన్నావా?”

“విన్నానండీ.”

“మొత్తం?”

“టీచరుగారూ, బి సైడు నాలుగో పాట ఉంది చూడండీ... అందులో ఆఖరి చరణంలో మీరు గొంతు అలా పైకి తీసుకెళ్లిన చోట... నాకు కళ్లంట నీళ్లు ఆగలేదండీ!”

ఆవిడ నావైపు చూశారు. కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. “అది మా అమ్మ పోయినప్పుడు రాసుకున్నదిరా,” అని మాత్రం అని వెళ్లిపోయారు. నాకు సిగ్గేసింది. నిజంగా వేసింది, ఒట్టు. కానీ ఇంతలో ఎవరో వచ్చి కొత్త రీమిక్సులేమున్నాయని అడిగారు, నేను ఆ పనిలో పడిపోయాను.

ఇక చూడండి అమ్మకాలు! బోర్డుకి అడ్డంగా ‘గ్రేసమ్మ టీచరుగారి గీతాలు – బి సైడు నాలుగో పాట వినండి, ఏడవండి’ అని రాశాను. ఆవిడ చర్చివాళ్లు కొన్నారు, ఆవిడ చేత సున్నాలు తిన్నవాళ్లంతా కొన్నారు. కొన్న ప్రతివాడూ బజారులో ఆవిడ ఎదురైతే చేతులు కట్టుకుని ఒకటే మాట: “బి సైడు నాలుగో పాట, కళ్లంట నీళ్లొచ్చేయండి టీచరుగారూ!”

ఎలమంచిలి దగ్గర చెరుకు వేసే నాయుడుగారైతే బెల్లం మార్కెట్టుకి వచ్చి, పనిగట్టుకుని కొట్టుకొచ్చాడు.

“బాబూ, టీచరమ్మ కేసెట్టు మా బాగుంది. ఎ సైడు అయిపోయి బి సైడు ఎట్టగానే మా ఇంటిదానికి కమ్మగా నిద్దరట్టేత్తంది.”

“సెప్పేను కదా నాయుడుగారూ, బి సైడే బి సైడు!”

ఆ వారమే ఎదురుకొట్టు అప్పారావు మామ రోడ్డు దాటి వచ్చాడు. మైకుసెట్లు అద్దెకిస్తాడు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తాడు.

“ఏట్రా ఇది సన్యాసీ! ఊర్లో టేపులన్నిటికీ ఒకటే జబ్బు పట్టుకుంది. ఎ సైడు పాడతన్నాయి, బి సైడు పాడట్లేదు. పొద్దున్నించి హెడ్లు తుడిసి తుడిసి సెయ్యి లాగేత్తంది.”

“సలికాలం కదా మామా, మంచు పట్టేసుంటాది,” అన్నాను. డాక్టర్ని కదా, దానికీ మందు నేనే చెప్పాను.

నెల తిరిగేసరికి టీచరుగారి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కృతజ్ఞతా కూడిక, తప్పకుండా రమ్మని. బావ నాకు తన ఇస్త్రీ చొక్కా ఇచ్చి పంపాడు. నన్ను ముందువరసలో పాస్టరుగారి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, దండ వేశారు. మైకు అప్పారావు మామదే. నాయుడుగారు కూడా భార్యతో వచ్చాడు. కుర్చీలో నా రెండు కాళ్లూ పోటీపడి ఊగుతున్నాయి.

టీచరుగారు మైకు దగ్గరికి వచ్చారు. “అందరూ నా బి సైడు నాలుగో పాట మెచ్చుకున్నారు. ఎప్పుడూ నేను పాడటమే తప్ప ఆ పాట ఇంకొకళ్లు పాడగా వినలేదు. ఈరోజు మీరు పాడండి, నేను వింటాను. సన్యాసీ, రా నాయనా, నువ్వు మొదలెట్టు.”

వెళ్లాను. కేసెట్టు కవరు మీద ఆ పాట పేరు మూడు మాటల్లో ఉంది, అదొక్కటే నాకు గుర్తు. ఆ మూడు మాటలూ ఒకసారి పాడాను. ఇంకో రాగంలో ఇంకోసారి పాడాను. జనం అందుకుంటారని చూశాను. వంద మందీ నేలకేసి చూస్తున్నారు. పాస్టరుగారు పైకప్పుకేసి చూస్తున్నారు. మూడో రాగంలో మూడోసారి పాడేసరికి వెనక వరసలో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. నాకు తోడు వచ్చింది ఆ ఒక్క గొంతే.

“సరే, మర్చిపోయినట్టున్నారు,” అన్నారు టీచరుగారు. “అప్పారావూ, టేపు పెట్టు.”

అప్పారావు మామ బి సైడు పెట్టి మైకు దగ్గర ఉంచాడు. స్స్స్... అని పొయ్యి మీద నీళ్లు మరగబోయే ముందు చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు. ముందుకు జరిపాడు. మళ్లీ స్స్స్.

“కొత్తరకం ప్రయోగమండీ,” అన్నాను మైకులో, కళ్లు అరమోడ్పుగా పెట్టి. “ముందు కాసేపు నిశ్శబ్దం...”

“నిశ్శబ్దం కాదురా, హెడ్డుకి మట్టట్టేసింది,” అంటూ అప్పారావు మామ జేబులోంచి దూది తీసి తుడిచాడు. మళ్లీ పెట్టాడు. స్స్స్.

“మాదీ అచ్చం ఇలాగే పాడిందండీ,” అంది వెనక నుంచి ఒకావిడ.

“మాదీనూ!” “మా టేపు పాడైపోనాదనుకున్నాం!” “మేం రెండుసార్లు తుడిపించేం!”

అప్పారావు మామ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. “ఓలమ్మో! ఊర్లో ఇన్ని హెడ్లు తుడిసేను, తప్పు కేసెట్టుదా!”

కాపీలు తీసినచోట బి సైడు ఎక్కనేలేదు. ఒక్కదానిలోనూ ఎక్కలేదు. టీచరుగారు ఇంట్లో వినేది స్టూడియోవాళ్లు ఇచ్చిన అసలు టేపు గనక ఆవిడకీ తెలియలేదు. నాయుడుగారి భార్య మాత్రం పక్కవాళ్లతో, “నాకైతే ఆ బి సైడే బాగుందమ్మా,” అంటోంది.

టీచరుగారు నా దగ్గరికి వచ్చారు.

“ఆఖరి చరణంలో నేను గొంతు పైకి తీసుకెళ్లలేదురా. కిందికి దించాను. నువ్వు వినలేదని ఆరోజే తెలిసింది. అందుకే ఈరోజు బోర్డు దగ్గరికి పిలిచాను, స్టెప్పులు రాయమని.” అని జనం వైపు తిరిగారు. “నువ్వొక్కడివే అనుకున్నాను. క్లాసంతా నీ దగ్గర కాపీ కొట్టారన్నమాట!”

హాలు ఘొల్లుమంది. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు. నవ్వనిది ఆవిడొక్కరే. “నేను అడిగింది ఒక్క నిజం, సన్యాసీ,” అన్నారు మెల్లగా, మైకుకి దూరంగా. ఆ మాటకి నా మెడలో దండ బరువెక్కిపోయింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది. చీలలేదు.

“అప్పారావూ, ఎ సైడు పెట్టు. వీడు నిలబడి వింటాడు. మొదటి నుంచి చివరి దాకా.”

నిలబడ్డాను. మొదటి పాటకి కాలు ఊగింది. రెండోదానికి ఇంకా ఊగింది. మూడో పాట మొదలయ్యాక ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఆవిడ గొంతు సన్నగా, ఎవరికో ఒక్కరికే చెబుతున్నట్టు ఉంది. పాట అయిపోయాక గానీ కాలు ఆగిందని నేను గమనించలేదు. నా జీవితంలో మనసుపెట్టి చివరిదాకా విన్న మొదటి పాట అదే.

నాలుగోదీ అయ్యాక, “ఇప్పుడు చెప్పు,” అన్నారు టీచరుగారు.

“మొదటిది మరీ పరుగండీ. రెండోది రెండుచోట్ల శ్రుతి తప్పింది. నాలుగోదానిలో తబలా మీ గొంతుని మింగేసింది.” నా కాలి వైపు ఒకసారి చూసుకున్నాను. “మూడోది... మూడోదానికి నా కాలు ఊగలేదండీ టీచరుగారూ.”

ఆవిడ కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు. “అయితే ఇకమీద అలాంటివే పాడతాను,” అన్నారు. అప్పుడు నవ్వారు.

ఏడాది తిరిగేసరికి రెండో కేసెట్టు తెచ్చారు. సీలు ఆవిడే చింపి ఇచ్చారు. కొట్టులో ఆవిడ ఎదుటే పెట్టుకుని రెండు వైపులూ విన్నాను. ఎ సైడు నాలుగు పాటలు. బి సైడు మూడే.

“టీచరుగారూ, నాలుగోది లేదేంటండీ?”

“అదేంట్రా, నువ్వు వినేశావుగా,” అన్నారు గొడుగు తెరుస్తూ. “ఏడ్చావు కూడా.”

ఆరోజు కొట్టు ముందు, మా బావ సాక్షిగా, మార్కెట్టులోని బెల్లం దిమ్మలన్నీ సాక్షిగా ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. చెవిలో పడని పాట గురించి నోరు విప్పను. కాలు ఊగనివ్వను. ఊగితే కట్టేసుకుంటాను గానీ ఫార్వర్డు నొక్కను. నాటి నుంచి నేటి వరకూ దానికే కట్టుబడి ఉన్నాను. మీకూ ఒక మనవి. రేపు నేను బజారులో ఎదురైతే, “మీది చదివామండీ, ఆఖరి పేరా అదిరిపోయింది!” అని మాత్రం దయచేసి అనకండి.