వీడియో నా పక్షాన ఉన్నా

డ్రిల్లు టీచరుగా పాతికేళ్ళ నుంచి విజిల్ ఊదుతున్నాను. గొప్పలు పోతున్నాననుకున్నా ఫరవాలేదు, నా చూపు మీద నాకు నమ్మకం జాస్తి. అందుకే అల్లవరం పక్క ఊళ్ళో మగవాళ్ళ కబడ్డీ ఫైనల్‌కి రిఫరీగా పిలిస్తే జంకలేదు. అంతవరకూ అక్కడ ఆ ఆటకి ఆడమనిషి విజిల్ పట్టలేదు. "ఆడవాళ్ళ వల్ల ఏమౌద్దండీ" అన్న మాట నా చెవిన పడనే పడింది. ఒక్క పొరపాటు దొర్లితే చాలు, మళ్ళీ ఏ ఆడదాన్నీ పిలవరని నాకు తెలుసు.

పొద్దుటి వానకి సున్నం గీతలు కొట్టుకుపోయాయి. కమిటీవాళ్ళు కొబ్బరితాడు లాగి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, ఇదే గీత అన్నారు. సరే అన్నాను.

ఆఖరి కూత. ఊరి జట్టు ఒక్క పాయింటు ముందుంది. సఖినేటిపల్లి ఆటగాడు కూతకు వచ్చి, ఇద్దరిని ముట్టుకుని, పక్కతాడు వారగా వెనక్కి ఉరికాడు. కాలు తాడుకి అవతల పడింది. ఔటిచ్చాను. అంటే ఊరి జట్టు గెలిచినట్టే. సఖినేటిపల్లి వాళ్ళు గోల పెట్టారు. ఊరి జట్టు కెప్టెన్ ఎవరో తీసిన వీడియో పట్టుకొచ్చాడు.

"చూడండి మేడంగారూ, మీరు చెప్పిందే కరెక్టండీ. ఫోను అబద్ధమాడదు కదండీ."

ఆపి ఆపి చూశాను. కాలు తాడుకి జానెడు అవతలే ఉంది. లోలోపల పొంగిపోయాను, అబద్ధమెందుకు. ఔటైన ఆటగాడు మాత్రం ఫోనుకేసి చూడనైనా లేదు.

"ఒకసారి నేల చూడండి మేడంగారూ," అన్నాడు.

వెళ్ళి వంగి చూశాను. పొద్దుటి నుంచీ తాడు నొక్కుకున్న గాడి తడినేలలో తిన్నగా ఉంది. తాడు మాత్రం మూరెడు లోపలికి వచ్చి పడుంది. అంతకుముందు కూతలో నలుగురు మీదపడి ఈడ్చినప్పుడు జరిగినట్టుంది. నేను చూసుకోలేదు. అతని కాలిముద్ర గాడికి ఇవతలే, కోర్టు లోపలే ఉంది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ గాడిని కాలితో చెరిపేస్తే అడిగే నాథుడు లేడు. వీడియో నా పక్షం, ఊరంతా నా పక్షం. విజిల్ ఊదాను.

"తప్పు నాదండీ. తాడు జరిగింది, నేను కనిపెట్టలేదు. ఔటు కాదు. రెండు పాయింట్లూ సఖినేటిపల్లివే."

"ఫోన్లో ఔటనే కనబడింది కదండీ," అన్నాడు కెప్టెన్.

"ఫోన్లో కనబడింది తాడండీ. గీత ఇక్కడుంది, వచ్చి చూడండి."

వచ్చి, గాడి పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. "చెప్పేం కదా, ఆడవాళ్ళని పెట్టొద్దని," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకా చాలా అన్నారు. నేను తలెత్తుకునే నిలబడ్డాను. ఆ రోజు నా మీద నాకున్నంత గౌరవం అంతకుముందు ఎప్పుడూ లేదు.

సంచీ సర్దుకుంటుంటే ఆ కెప్టెనే మళ్ళీ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడితే పడదామనే అనుకున్నాను.

"ఓడిపోయేమండీ," అన్నాడు. "వచ్చే ఏడూ మీరే రావాలండీ. కమిటీవాళ్ళు వద్దంటే మేం ఆడం."