రాజేశం పైపు చప్పుడు

సౌదీలోని అభా కొండల మీద ఉన్న ఒక విడిది పేరును తెలుగులో చెప్పుకుంటే 'మేఘాల రాజభవనం'. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, లోపలికి వెళ్తే కారే కొళాయిలు, బిగుసుకుపోయిన తలుపులు, వెలిగించగానే దగ్గే హీటర్లు. వాలు మీద విసిరేసినట్టు ఇరవై రెండు చిన్న ఇళ్ళు. వాటి కొళాయిలకూ మోటార్లకూ దిక్కు ఒక్కడే, జగిత్యాల జిల్లా మెట్‌పల్లి దగ్గర పల్లె నుంచి వచ్చిన రాజేశం. ఇకామా మీద, అదే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు మీద, ప్లంబర్ అని ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని, అదే కొండ, చేతిలో అదే పానా.

మధ్యాహ్నం దాటిందంటే లోయలోంచి పొగమంచు ఎక్కి వస్తుంది. చాపిన చెయ్యి కనబడదు. రియాద్ ఎండలకు తాళలేక పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలు గేటు దాకా చేరి, తమకిచ్చిన ఇల్లు ఎటుందో తెలియక కార్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవి. వచ్చిన మొదటి ఏడాదే రాజేశం అది చూశాడు. చిన్నప్పుడు మంచె ఎక్కి, రేకుడబ్బా కొట్టి మక్కచేలోంచి అడవిపందుల్ని తోలిన చెయ్యి అతనిది. ఊరుకోలేకపోయింది. గేటు దగ్గర ఆగిన ఒక కుటుంబానికిచ్చిన ఇంటి ముందున్న నీళ్ళ పైపును పానాతో టంగు టంగుమని కొట్టాడు. చప్పుడు పట్టుకుని బండి గుమ్మం దాకా వచ్చేసింది. పందుల్ని తరిమిన చేత్తోనే మనుషుల్ని పిలుచుకున్నాడన్నమాట.

అప్పటినుంచి అదే అతని పద్ధతి. బండి దూరంగా ఉంటే నిదానంగా కొడతాడు. దగ్గరికొచ్చేకొద్దీ దెబ్బల వేగం పెంచుతాడు. గుమ్మం ముందుకు రాగానే రెండు గట్టి దెబ్బలు, ఇక దిగండి అన్నట్టు. ముందే హీటర్ వెలిగించి ఉంచుతాడు కాబట్టి లోపల వెచ్చగా ఉంటుంది. ఉమ్ ఫహద్ అని ఒక ముసలమ్మ, చూపు మందగించినా ఏటా మనవల్ని వెంటేసుకుని వచ్చేది. ఆవిడే అతనికి అబూ జరస్ అని పేరు పెట్టింది. గంటలయ్య అనుకోవచ్చు. ఆ పేరంటే రాజేశానికి ప్రాణం. కానీ ఆ సంగతి ఇంట్లో భార్య స్వర్ణకైనా చెప్పలేదు.

చెప్పడు మరి. తల్లి పోచవ్వ పెంపకం అలాంటిది. "చేసింది చెప్పుకోవద్దు బిడ్డా, దిష్టి తగుల్తది" అని ఆవిడ చెవినిల్లు కట్టుకుని చెప్పింది. ఆవిడ పోయి పదేళ్ళయినా ఆ మాట మాత్రం కొడుకుని వదల్లేదు.

కంపెనీకి అసీర్ కొండల్లో ఇలాంటి విడుదులు పదకొండున్నాయి. చుట్టూ కొత్త రిసార్టులు లేచాక పది చోట్ల ఈగలు తోలుకుంటున్నారు. ఒక్క మేఘాల రాజభవనానికే వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. ఎందుకో ముదీర్‌కి, అదే మేనేజరుకి, అంతు చిక్కలేదు. ఈలోగా మనుషుల్ని తగ్గిస్తారనీ, కొందరికి ఎగ్జిట్ కొట్టి ఇళ్ళకు పంపేస్తారనీ పుకారు పుట్టింది. రాజేశం గుండెల్లో రాయి పడింది. కూతురు హాసిని కరీంనగర్‌లో నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఇంకా రెండేళ్ళుంది. అతనికి యాభై మూడు. ఈ కొండ దిగితే ఈ వయసులో మరో వీసా ఇచ్చేదెవరు?

"గీ రెండేండ్లు నిలబడితె చాలు అర్షద్ భాయ్. తర్వాత పొమ్మనకముందే పోత" అనేవాడు విడిది డ్రైవర్ అర్షద్‌తో. అర్షద్ పాకిస్తానీ. పంతొమ్మిదేళ్ళ స్నేహంలో రాజేశం తెలుగు అతనికీ, అతని ఉర్దూ రాజేశానికీ అర్థమైపోయాయి.

అలాంటప్పుడు రియాద్‌లోని ఒక డిజైన్ కంపెనీ నుంచి రిషిత వచ్చింది. ఇరవై ఏడేళ్ళుంటాయి, రాజమండ్రి అమ్మాయి. మొదటిరోజే, "రాజేశం గారూ, మీతో పాటు పన్నెండు రోజులు తిరుగుతానండీ, ఫరవాలేదా?" అంది. రాజేశం వెనక్కి తిరిగి చూశాడు, గారు ఎవరా అని. ఈ కొండ మీద అతన్ని గారూ అన్నవాళ్ళు లేరు. నవ్వొస్తుంది గానీ, ఆ ఒక్క మాటకే అతను సగం కరిగిపోయాడు.

"మీరేం పని జేస్తరు మేడం? ఇండ్లు కడ్తరా?"

"కట్టనండీ. కంపెనీ ఎక్కడ ఎదగగలదో వెతికి పెడతాను. కాగితాలు చూసి కాదు, వచ్చేవాళ్ళ వెంట తిరిగి. వాళ్ళకి ఎక్కడ కష్టమేస్తోంది, ఎక్కడ ప్రాణం లేచొస్తోంది, అదంతా చూసి, కంపెనీ కొత్తగా ఏం చెయ్యాలో చెప్పాలి. స్ట్రాటజిక్ డిజైన్ అంటారు."

"ఎంబడి తిరిగితె దొరుకుతదా?"

"ఒక్కోసారి కాళ్ళ కిందే ఉంటుందండీ" అని నవ్వింది.

తిరగడమంటే ఆ పిల్ల నిజంగానే తిరిగింది. వచ్చేవాళ్ళతో కార్లెక్కింది, ముసలమ్మల పక్కన కూర్చుని ఖర్జూరాలు తింది, మిగతా పది విడుదులూ చూసొచ్చింది. ఖాళీగా ఉన్న తొమ్మిదో ఇంటి గోడ నిండా రంగు చీటీలు అంటించింది. ఘాట్ రోడ్డు దగ్గర ఒక వరస, గేటు దగ్గర ఒక వరస, గుమ్మం దగ్గర ఒక వరస. భయపడ్డచోట ఎర్రచీటీ, సంతోషించినచోట పచ్చచీటీ. కొళాయి బాగుచెయ్యడానికి వెళ్ళిన రాజేశం గోడ ముందు నిలబడిపోయాడు.

"చూశారా" అంది రిషిత. "మంచు కమ్మిన రోజు మిగతా పదిచోట్లా గేటు దగ్గర అన్నీ ఎర్రచీటీలే. ఇక్కడ మాత్రం అదే రోజు అన్నీ పచ్చవి. మంచు పడితే జనం సంతోషిస్తున్నారు! ఇక్కడేం జరుగుతోందండీ?"

రాజేశానికి తెలుసు. గొంతు దాకా వచ్చింది. "ఏమో మేడం" అని కొళాయి దగ్గరికి వంగాడు.

మర్నాడు మంచు దట్టంగా దిగింది. రిషిత ఉమ్ ఫహద్ వాళ్ళ కారులో కిందినుంచి ఎక్కి వచ్చింది. పైపు చప్పుడు విన్నది. ముసలమ్మ "అబూ జరస్!" అని చప్పట్లు కొట్టడం చూసింది. కారు ఆగీ ఆగకముందే దూకి, తడిసిన జుట్టుతో అతని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఇదేనండీ! ఇదే! ఎవరి ఆలోచన ఇది? ఎవరు మొదలుపెట్టారు?"

పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. నేనే అంటే అయిపోయేది. కానీ పోచవ్వ అడ్డొచ్చింది. ఇకామా మీద ప్లంబర్ అని ఉంటే వచ్చే బండ్లతో నీకేం పని అంటారేమోనన్న జంకూ అడ్డొచ్చింది. ఇంత చదివిన పిల్ల ముందు గొప్పలు పోతే బాగుంటుందా అని సిగ్గు కూడా. పానాను గుడ్డతో తుడుస్తూ అన్నాడు:

"నాదేమున్నది బిడ్డా. గిదేమన్న పెద్ద పనా? అందరం చేస్తం. ఎవ్వలైనా చేస్తరు."

రిషిత ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చీటీ మీద రాసుకుంది. మనిషి అన్న మాటను మార్చకుండా రాయాలని వాళ్ళ వృత్తిలో ఒక నియమం. పనివాళ్ళ పేర్లు రాయకూడదని మరో నియమం, కంపెనీ వాళ్ళమీద కక్ష కట్టకుండా. రెండూ మంచి నియమాలే, కాదనను. ఆ రెండు మంచి నియమాల మధ్య పడి ఒక మంచి మనిషి నలిగిపోతాడని వాటిని పెట్టినవాళ్ళకు తోచలేదు, అంతే.

ఆమె నివేదికలో ఏముందో అర్షద్ ద్వారా తెలిసింది. మంచును దాచుకోవద్దు, మంచునే అమ్మండి, దారి తప్పిన మనిషిని చప్పుడుతో ఇంటికి చేర్చడమే మీ బలం అని రాసింది. ప్రతి విడిదిలోనూ అందుకోసం ఒక మనిషిని పెట్టమంది. కంపెనీకి ఆలోచన బ్రహ్మాండంగా నచ్చింది, మనిషి తప్ప. ఎవరైనా చేసే పనికి మనిషెందుకు, స్తంభాలకు స్పీకర్లు పెడితే పోలా అన్నారు.

చప్పుడు రికార్డు చెయ్యడానికి రియాద్ నుంచి ఇద్దరొచ్చి, రాజేశం పైపు ముందు మైకు పెట్టారు. ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పావుగంట కొట్టాడు. వాళ్ళు బొటనవేలెత్తి శభాష్ అంటే చిన్నపిల్లవాడిలా పొంగిపోయాడు. తర్వాత గేటు దగ్గర పెద్ద బోర్డు లేచింది, అరబ్బీలో ఇంగ్లీషులో. అర్షద్ కూడబలుక్కుని చదివి చెప్పాడు: 'ఇందులో నా గొప్పేం లేదు. ఇక్కడ అందరం చేస్తాం. ఎవరైనా చేస్తారు.' కింద, ఒక ఉద్యోగి అని.

"ఇది నీ మాటే కదా భాయ్?" అన్నాడు అర్షద్.

రాజేశం అవునన్నట్టు నవ్వాడు. బోర్డు మీద తన మాట! ఇక తన ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాడు.

ఒక్క వేసవిలో పదకొండు విడుదులూ కిటకిటలాడాయి. ఎదుగుదల అంటే అదీ. ఎదిగిన కంపెనీ పాత పద్ధతిలో నడవదు కదా, మరమ్మతులన్నీ బయటి కాంట్రాక్టుకు ఇచ్చేశారు. రాజేశం ఇకామా ఈసారి పొడిగించడం లేదని ముదీర్ పిలిచి చెప్పాడు. ముదీర్ దుర్మార్గుడేం కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ చెప్పాడు.

"మంచుల బండ్లకు నేను..." అని మొదలుపెట్టాడు రాజేశం, వచ్చిన హిందీలో. తర్వాత ఏమనాలో నోటికి అలవాటు లేదు. ముదీర్ కిటికీలోంచి బోర్డు వైపు చూపించి, అది అందరూ చేసేదే కదా, మీలో ఒకరే చెప్పారు కదా అన్నాడు. రాజేశం టీ తాగి గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

పంపేస్తున్నది ఎవరినో, ఆ చప్పుడు మొదలుపెట్టింది ఎవరో రిషితకు కబురు అందించింది అర్షదే. మూడోరోజు పొద్దున్నే రిషిత విమానంలో వచ్చి వాలింది. ముదీర్‌తో గంటసేపు మాట్లాడింది, వాళ్ళ పైవాళ్ళకు ఫోన్లు చేసింది. కాంట్రాక్టు సంతకాలైపోయాయి, ఎగ్జిట్ పడిపోయింది, ఇప్పుడేం చెయ్యలేమన్నారు. ఆమె వచ్చేసరికి రాజేశం గదిలో పెట్టె సర్దుకుంటున్నాడు. గుమ్మంలోనే కూలబడిపోయింది.

"మా అమ్మమ్మ పదహారు రకాలు వండి పెట్టి, ఏదో కలో గంజో, తాగి వెళ్ళండి అనేదండీ. ఆ మాటకి అర్థమేంటో తెలిసిన ఇంట్లోనే పుట్టాను. అయినా మీరు నాదేమున్నది అంటే, నిజంగానే ఏమీ లేదన్నట్టు రాసేశాను. అది వినయం, నిజం కాదు అని పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే..." మాట పూర్తికాలేదు, ఏడ్చేసింది.

రాజేశం సర్దడం ఆపి ఆమె దగ్గరికొచ్చాడు. ఆమె మీద కోపం రాలేదు. హాసిని కూడా ఏడిస్తే ఇలాగే ముక్కు ఎర్రబడుతుంది.

"నీ తప్పేమున్నది బిడ్డా. నేను చెప్పిందే రాసినవు. నువ్వు అడిగినవు గద, అదే చాలు. ఇన్నేండ్లల్ల అడిగినదానివి నువ్వొక్కదానివే."

ఆ ఓదార్పులో కూడా తన్ను తాను కిందే పెట్టుకున్నాడు, చూశారా. మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.

బయలుదేరిన మధ్యాహ్నం మంచు ముసురుకుంది. పానా కంపెనీది కాబట్టి పొద్దున్నే అప్పగించేశాడు. అర్షద్ పెట్టెను డిక్కీలో పెడుతుంటే గేటు దగ్గర ఒక కారు ఆగింది. ఉమ్ ఫహద్. కర్ర తాటించుకుంటూ దిగి, మంచులోకి చూస్తూ పిలిచింది. "అబూ జరస్! ఎక్కడున్నావయ్యా?"

ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు రాజేశం. ఇక్కడే ఉన్నానమ్మా అనబోయి నోరు తెరిచాడు. అంతలో స్తంభం మీది స్పీకరు మోగింది. టంగు, టంగు, టంగు. దగ్గరకూ దూరానికీ ఒకటే వేగం. అయినా చప్పుడు అతని చేతిదే. ముసలమ్మ ముఖం విప్పారింది.

"ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు" అని మనవలకు చెప్పి, చప్పుడు వెంట నడిచి వెళ్ళిపోయింది. పిల్లలు పానా పట్టుకున్న మనిషి కోసం అటూ ఇటూ వెతికారు. స్తంభం తప్ప ఏమీ కనిపించక వాళ్ళూ లోపలికి పోయారు.

రాజేశం కారెక్కి కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు మొదటి మలుపు దాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది. అక్కడ అర్షద్ భుజం పట్టుకుని, ఎవరో కాదంటున్నట్టు గట్టిగా అన్నాడు.

"ఆ సప్పుడు నాది భాయ్. నేనే మొదలువెట్టిన. నేను కొట్టిందే అది. నాది."

"మాలూమ్ హై భాయ్" అన్నాడు అర్షద్. మొదలుపెట్టింది రాజేశమేనని ఆ కొండ మీద మొదటినుంచీ తెలిసినవాడు అతనొక్కడే. కారును కాసేపు పక్కకు ఆపి, అతని ఏడుపు తగ్గేదాకా కూర్చుని, మళ్ళీ కిందికి పోనిచ్చాడు.